స్విచ్ గడియారం 1993లో ఉంది, హాస్టల్‌లో తప్పుడు ఐపీలు వస్తున్నాయి: ముందు ఏది పట్టుకోవాలి?

ప్రశ్న: రాయగడ ల్యాబ్

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ. ఇక్కడ ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూస్తాను. ల్యాబ్ చూడటం అంటే మా దగ్గర ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం తీయడం నుంచి ప్రిన్సిపాల్ గారి ఫోన్‌లో ఒడియా కీబోర్డు పెట్టడం దాకా. నెట్‌వర్క్ కూడా ఆ లెక్కలోనే నా నెత్తి మీదికి వచ్చింది.

కమాండ్లు కూడా తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. చదివేవాళ్లకి తెలిసినవే కాబట్టి ఇబ్బంది ఉండదనుకుంటా.

మా సరంజామా ఇది. ఒక సిస్కో 1941 రౌటర్. దాని కింద 2960 స్విచ్‌లు, విశాఖలో సెకండ్‌హ్యాండ్‌కి కొని రైల్లో తెచ్చుకున్నవి. వీల్యాన్లు (అవే స్విచ్‌ల మీద విడదీసిన నెట్‌వర్క్‌లు) మూడు: 10 ఆఫీసు, 20 ల్యాబ్, 30 హాస్టల్. రౌటర్ నుంచి మెయిన్ స్విచ్‌కి ఒకటే కేబుల్, సబ్‌ఇంటర్‌ఫేస్‌లతో మూడు వీల్యాన్లూ దాని మీదే నడుస్తాయి. డీహెచ్‌సీపీ కూడా రౌటరే ఇస్తుంది, అంటే ఫోన్లకీ కంప్యూటర్లకీ ఐపీ అడ్రెస్‌లు పంచేది అదే. హాస్టల్‌కి 10.10.30 సిరీస్, గేట్‌వే 10.10.30.1.

గొడవ ఏమిటంటే, సాయంత్రం అయ్యేసరికి హాస్టల్‌లో కొందరి ఫోన్లకి 192.168.0 సిరీస్ ఐపీలు వస్తున్నాయి. ఆ సిరీస్ మా కాలేజీలో ఎక్కడా లేదు. అవి వచ్చినవాళ్లకి నెట్ నడవదు, మిగతావాళ్లకి నడుస్తుంది. పక్కపక్క మంచాల మీద కూర్చున్న ఇద్దరిలో ఒకడికి వీడియో ఆడుతుంది, రెండోవాడు నాకు ఫోన్ చేస్తాడు. ఎవరో గదిలో సొంత వైఫై రౌటర్ పెట్టుకున్నారని అర్థమవుతూనే ఉంది. ఏ గది అన్నదే తేలడం లేదు.

సరే, స్విచ్ లాగ్ చూద్దాం, ఏ పోర్టు ఏ టైముకి లేచిందో తెలిస్తే వార్డెన్ గారిని వెంటేసుకుని వెళ్లొచ్చు అనుకున్నా. షో లాగింగ్ కొడితే ఇలాంటివి కనిపించాయి:

*మార్చి 1 00:01:52.310: %లింక్-3-అప్‌డౌన్: ఫాస్ట్‌ఈథర్నెట్0/14 అప్

ఇది మే నెల కదా! షో క్లాక్ కొడితే 1993 మార్చి 1, సోమవారం అని చూపిస్తోంది. హాస్టల్లో ఉన్న పిల్లలు ఒక్కరూ అప్పటికి పుట్టలేదు. వేసవిలో ఇక్కడ సాయంత్రం ఈదురుగాలి లేస్తే కరెంటు పోతుంది, హాస్టల్ స్విచ్‌కి యూపీఎస్ లేదు. యూపీఎస్ అడిగాను, వచ్చే బడ్జెట్‌లో చూద్దాం అన్నారు. ఏ సంవత్సరం బడ్జెట్టో చెప్పలేదు. కరెంటు వచ్చిన ప్రతిసారీ స్విచ్ మళ్లీ 1993కి వెళ్లిపోతోంది, పాత లాగ్ కూడా తుడిచిపెట్టుకుపోతోంది. రౌటర్ మాత్రం కరెంటు పోయి వచ్చినా టైము సుమారుగా సరిగ్గానే చూపిస్తుంది. దానికి తెలిసింది దీనికి ఎందుకు తెలియదు?

స్విచ్‌లు అమ్మిన షాపులో కుర్రాడికి ఫోన్ చేస్తే, డీహెచ్‌సీపీ స్నూపింగ్ పెట్టండి సార్, దొంగ రౌటర్ చచ్చిపోతుంది అని కమాండ్లు వాట్సాప్‌లో పంపాడు. స్నూపింగ్ అంటే మనం నమ్మిన పోర్టు నుంచి తప్ప వేరే చోటి నుంచి ఐపీలు పంచనివ్వని కాపలా అట. అవి వేశాక దొంగ ఐపీలు ఆగిన మాట నిజమే, మా రౌటర్ ఇచ్చే అసలు ఐపీలు కూడా ఆగిపోయాయి. హాస్టల్ మొత్తం గోల. తీసేశాను. అతను ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు.

ఇంకొక టెన్షన్. గుణుపురంలో మాకు చిన్న బ్రాంచి ఉంది, అక్కడా ఒక 2960 ఉంది. దాన్ని ఇక్కడి నుంచే చూడాలి. ఏదైనా కమాండ్ పడి లింకు తెగితే బస్సెక్కాల్సిందే.

ముందు గడియారం సంగతి చూడాలా, దొంగ రౌటర్ సంగతా? స్నూపింగ్ పెడితే అసలు ఐపీలు ఎందుకు ఆగాయి? పెద్దలు ఎవరైనా ఓపిగ్గా చెప్పండి.

జవాబు: బరంపురం పాతకాపు

బాబూ, ముందు గడియారం. తర్వాత లాగ్ బయటికి పంపే ఏర్పాటు. స్నూపింగ్ ఆ తర్వాతే. ఈ వరస ఎందుకంటే, తేదీ వెయ్యని క్యాష్ బుక్‌లో ఎంత నిజం రాసి ఉన్నా ఆడిటర్ ముందు చెల్లదు. నీ లాగ్ పరిస్థితి అంతే. నువ్వు ఈ రోజు ఆ పిల్లాణ్ణి పట్టుకున్నా, వచ్చే నెల ఇంకొకడు పెడతాడు. అప్పుడూ నీకు మార్చి 1 అనే కనిపిస్తుంది.

రౌటర్‌కి తెలిసి స్విచ్‌కి తెలియకపోవడం నీ తప్పూ కాదు, స్విచ్ తప్పూ కాదు. 1941లో బ్యాటరీతో నడిచే హార్డ్‌వేర్ గడియారం ఉంటుంది, సిస్కోవాళ్లు దాన్ని క్యాలెండర్ అంటారు. 2960లో అది లేదు. కరెంటు పోతే టైము పోయినట్టే, లేచినప్పుడు 1993 మార్చి 1 నుంచి మొదలు. లాగ్ లైను ముందు నక్షత్రం గుర్తు ఉంది చూశావా, అది స్విచ్ నీకు చెబుతున్న మాటే: నా టైమును నమ్మొద్దు అని. టైము సరిగ్గా అందాక ఆ గుర్తు పోతుంది. ఒకసారి అంది తర్వాత సంబంధం తెగితే నక్షత్రం బదులు చుక్క వస్తుంది.

చెయ్యాల్సింది ఇది. రౌటర్ బయటి నుంచి టైము తెచ్చుకుంటుంది, స్విచ్‌లన్నీ రౌటర్‌ని అడుగుతాయి. ఇలా నెట్‌వర్క్ మీద టైము అందించే పద్ధతే ఎన్‌టీపీ. ప్రతి స్విచ్‌నీ నేరుగా ఇంటర్నెట్ మీదికి పంపకు. నెట్ తెగిన రోజున ఒక్కొక్కటి ఒక్కో టైము చెప్పడం మొదలుపెడతాయి.

రౌటర్ మీద:

క్లాక్ టైమ్‌జోన్ ఐఎస్‌టీ 5 30
ఎన్‌టీపీ సర్వర్ సమయ్1.ఎన్ఐసీ.ఇన్
ఎన్‌టీపీ సర్వర్ టైమ్.ఎన్‌పీఎల్‌ఇండియా.ఆర్గ్
ఎన్‌టీపీ అప్‌డేట్-క్యాలెండర్
ఎన్‌టీపీ మాస్టర్ 8

మొదటిది ఎన్ఐసీది, అంటే కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థది. రెండోది ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబరేటరీది (ఎన్‌పీఎల్), మన దేశానికి అధికారికంగా టైము చెప్పేది ఆ సంస్థే. పేర్లతో ఇస్తున్నావు కాబట్టి రౌటర్ మీద ఐపీ నేమ్-సర్వర్ పెట్టి ఉండాలి, లేకపోతే పేరు తెలియదని అక్కడే ఆగిపోతుంది. అప్‌డేట్-క్యాలెండర్ వల్ల వచ్చిన సరైన టైమును రౌటర్ తన హార్డ్‌వేర్ గడియారంలోకి కూడా రాసుకుంటుంది. మాస్టర్ 8 అంటే, బయటి సర్వర్లు అందకపోతే నా గడియారాన్నే మీకు ఇస్తాను, కానీ దాని స్థాయి 8 అని స్విచ్‌లకి చెప్పడం. అంకె ఎంత పెద్దదైతే నమ్మకం అంత తక్కువ. బయటి సర్వర్ల అంకె దీనికన్నా బాగా చిన్నది కాబట్టి అవి దొరికినంతసేపూ రౌటర్ వాటినే పట్టుకుని ఉంటుంది.

స్విచ్‌లన్నిటి మీద (10.10.10.1 అంటే ఆఫీసు వీల్యాన్‌లో నీ రౌటర్ అనుకుని రాశాను):

క్లాక్ టైమ్‌జోన్ ఐఎస్‌టీ 5 30
ఎన్‌టీపీ సర్వర్ 10.10.10.1
సర్వీస్ టైమ్‌స్టాంప్స్ లాగ్ డేట్‌టైమ్ ఎంసెక్ లోకల్‌టైమ్ షో-టైమ్‌జోన్ ఇయర్
సర్వీస్ సీక్వెన్స్-నంబర్స్

టైమ్‌జోన్ లైను మర్చిపోతే లాగ్ అంతా ఐదున్నర గంటలు వెనక ఉంటుంది. ఎన్‌టీపీ తీగ మీద వచ్చేది ఎప్పుడూ యూటీసీయే, అంటే ప్రపంచ ప్రామాణిక టైము. లోకల్‌టైమ్ అన్న మాట లేకపోయినా అంతే, షో క్లాక్ సరిగ్గా చూపిస్తుంది, లాగ్ మాత్రం యూటీసీలో రాస్తుంది. రాత్రి 9 గంటలకి జరిగిన దానికి మధ్యాహ్నం మూడున్నర అని ఉంటే వార్డెన్ నీ మాట నమ్మడు. సీక్వెన్స్ నంబర్లు ఎందుకంటే, స్విచ్ లేచాక టైము అందడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ కాసేపట్లో వచ్చిన లైన్లలో ఏది ముందు, ఏది వెనక అన్నది నంబరు బట్టి తెలుస్తుంది.

లాగ్ సంగతి. నువ్వు చూస్తున్న బఫర్ స్విచ్ మెమరీలో ఉంటుంది, కరెంటుతో పాటే పోతుంది. ల్యాబ్‌లో మూలన పడేసిన పాత డెస్క్‌టాప్ ఒకటి ఉండకపోదు. దాంట్లో లైనక్స్ వేసి ఆర్‌సిస్‌లాగ్ (వచ్చిన లాగ్‌లు దాచే ప్రోగ్రామ్) నడుపు, దాన్ని మాత్రం యూపీఎస్ మీద పెట్టు. స్విచ్‌ల మీద (10.10.10.5 అంటే ఆ డెస్క్‌టాప్):

లాగింగ్ హోస్ట్ 10.10.10.5
లాగింగ్ ట్రాప్ ఇన్ఫర్మేషనల్
లాగింగ్ సోర్స్-ఇంటర్‌ఫేస్ వీల్యాన్ 10
లాగింగ్ బఫర్డ్ 32768

ఇవి యూడీపీ 514 మీద వెళతాయి. మధ్యలో ఏసీఎల్ (ఏ ప్యాకెట్‌ని వదలాలో, ఏది ఆపాలో చెప్పే జాబితా) ఉంటే దారి వదులు. ట్రాప్‌ని డీబగ్గింగ్ దాకా పెట్టకు, చెత్తంతా వచ్చి అసలుది కనపడదు. స్థాయిలు 0 నుంచి 7 దాకా ఉంటాయి, ఇన్ఫర్మేషనల్ అంటే 6. నీ పనికి అది సరిపోతుంది.

ఇంకో విషయం, దీన్ని మీ యాజమాన్యానికి చూపిస్తే యూపీఎస్ కూడా తొందరగా రావచ్చు. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాల్లో రెండు ముక్కలు మనకి పనికొస్తాయి. టైము ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ సర్వర్లతో, లేదా వాటితో సరిచూసుకునే సర్వర్లతో కలిపి ఉంచాలి. లాగ్‌లు 180 రోజులు దాచాలి, అదీ మన దేశంలోనే. సర్వీస్ ప్రొవైడర్లు, డేటా సెంటర్లు, కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు అని వరసగా రాశారు. ఏదైనా సైబర్ గొడవ జరిగి పోలీసులు కాలేజీకి వస్తే 1993 లాగ్ చూపిస్తావా అని అడుగు.

జవాబు: రాయగడ ల్యాబ్

గురువుగారూ, చాలా థ్యాంక్స్. సమయం, లాగ్ రెండూ పెట్టాను. మజ్జిగౌరమ్మ దయవల్ల రౌటర్ వెంటనే సమయ్1ని పట్టుకుంది. హాస్టల్ స్విచ్ మీద ఒక అనుమానం. షో ఎన్‌టీపీ అసోసియేషన్స్‌లో రీచ్ అనే గడి ఉంది. కొంచెం కొంచెం ఆగి చూస్తే 1, తర్వాత 3, తర్వాత 7, ఆ తర్వాత ఒక్కసారిగా 17 అయింది. 8, 9 రాలేదు. ప్యాకెట్లు పోతున్నాయా?

జవాబు: బరంపురం పాతకాపు

పోవడం లేదు. అది మామూలు అంకె కాదు, ఎనిమిది గడుల పట్టీని ఆక్టల్‌లో (8, 9 అంకెలు లేని లెక్కలో) చూపిస్తోంది. జవాబు వచ్చిన ప్రతిసారీ పట్టీ ఒక గడి పక్కకి జరిగి చివర 1 పడుతుంది. నాలుగుసార్లు వరసగా వస్తే 17, ఎనిమిదిసార్లూ వస్తే 377. అక్కడ నిలబడితే నిశ్చింత. మధ్యలో 376 కనిపిస్తే ఇప్పుడే ఒకటి తప్పిందని అర్థం. అడ్రెస్ ముందు నక్షత్రం ఉంటే దాన్నే నమ్ముతోందని. లాగ్‌లో నక్షత్రం ఉంటే నమ్మొద్దని, ఇక్కడ నక్షత్రం ఉంటే నమ్మొచ్చని. ఈ గుర్తులు పెట్టినవాళ్లకి ఓ దండం.

జవాబు: జయపురం ఈథర్నెట్

నేను జయపురంలో ఒక ఆసుపత్రి నెట్‌వర్క్ చూస్తాను. పాతకాపు గారి వరసతో నాకు పేచీ లేదు. ఐదున్నర గంటల మాట వచ్చింది కాబట్టి చిన్న ముచ్చట: మన టైముకి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖ ఒడిశాలో మా కోరాపుట్ జిల్లా మీదుగానే పోతుంది, మా ఊరికి దగ్గర్లోనే. ఆ లెక్కన ఎండ టైమూ గడియారం టైమూ మాకు దాదాపు ఒకటే. స్విచ్‌లకి మాత్రం ఆ అదృష్టం లేదు.

తమ్ముడూ, స్నూపింగ్ పెడితే అసలు ఐపీలు ఎందుకు ఆగాయో చెబుతాను. షాపు కుర్రాడు పంపిన దాంట్లో ఒక లైను తక్కువైంది. స్నూపింగ్ పెట్టగానే 2960 తనంతట తాను ఇంకో పని కూడా మొదలుపెడుతుంది. ఫోన్ నుంచి వచ్చే డీహెచ్‌సీపీ అభ్యర్థనలో ఆప్షన్ 82 అనే చీటీ అతికిస్తుంది, ఏ స్విచ్, ఏ పోర్టు అన్న వివరం అందులో ఉంటుంది. నీ రౌటర్ ఆ చీటీ చూస్తుంది. రిలే ఏజెంట్ (అభ్యర్థనని మధ్యలో చేరవేసేది) వివరం ఉంది, రిలే అడ్రెస్ గడిలో మాత్రం సున్నా ఉంది, ఇదేదో అనుమానంగా ఉంది అని పక్కన పడేస్తుంది. ఫోన్‌కి జవాబు రాదు. రౌటర్ మీద డీబగ్ ఐపీ డీహెచ్‌సీపీ సర్వర్ ప్యాకెట్ పెట్టి చూస్తే ఆ ఫిర్యాదు కనిపిస్తుంది.

దీనికి మందు రెండు రకాలు. రౌటర్ మీద ఐపీ డీహెచ్‌సీపీ రిలే ఇన్ఫర్మేషన్ ట్రస్ట్-ఆల్ అని పెట్టొచ్చు. లేదా స్విచ్‌ని ఆ చీటీ అతికించొద్దని చెప్పొచ్చు. నీకు రెండోదే మంచిది. ఎందుకంటే నీ హాస్టల్ స్విచ్‌కీ రౌటర్‌కీ మధ్య మెయిన్ స్విచ్ ఉంది. రేపు దాని మీద కూడా స్నూపింగ్ పెడితే, అన్‌ట్రస్టెడ్ (ట్రస్ట్ పెట్టని) పోర్టు నుంచి చీటీతో వచ్చిన ప్యాకెట్‌ని అది కూడా పడేస్తుంది. చీటీయే లేకపోతే ఈ తలనొప్పి ఎక్కడా ఉండదు.

హాస్టల్ స్విచ్ మీద ఈ వరసలో వెయ్యి:

ఐపీ డీహెచ్‌సీపీ స్నూపింగ్ వీల్యాన్ 30
నో ఐపీ డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఇన్ఫర్మేషన్ ఆప్షన్
ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్నెట్ 0/1
ఐపీ డీహెచ్‌సీపీ స్నూపింగ్ ట్రస్ట్
ఎగ్జిట్
ఐపీ డీహెచ్‌సీపీ స్నూపింగ్

గిగాబిట్ 0/1 అన్నది మెయిన్ స్విచ్ వైపు వెళ్లే పోర్టు అనుకుని రాశాను, నీది ఏదైతే అది. చివరి లైనే అసలు స్విచ్చి. ట్రస్ట్ పెట్టకుండా దాన్ని ముందు నొక్కితే ఆ మధ్యలో ఎవరికీ ఐపీ రాదు. పెట్టాక షో ఐపీ డీహెచ్‌సీపీ స్నూపింగ్ బైండింగ్ చూడు. ఫోన్లు ఐపీ తీసుకుంటున్న కొద్దీ మ్యాక్ (పరికరం హార్డ్‌వేర్ అడ్రెస్), ఐపీ, పోర్టు వరసగా పడుతుంటాయి.

అయితే స్నూపింగ్ పెట్టే ముందే ఆ పిల్లాణ్ణి పట్టుకో. ఇప్పుడైతే సులువు. తప్పుడు ఐపీ వచ్చిన ల్యాప్‌టాప్‌లో ఐపీకాన్ఫిగ్ /ఆల్ కొట్టు, డీహెచ్‌సీపీ సర్వర్ అని 192.168.0.1 లాంటిది కనిపిస్తుంది. ఏఆర్‌పీ -ఏ కొడితే ఆ అడ్రెస్‌కి మ్యాక్ దొరుకుతుంది. స్విచ్ మీద షో మ్యాక్ అడ్రెస్-టేబుల్ అడ్రెస్ అని కొట్టి ఆ మ్యాక్ ఇవ్వు, నాలుగేసి అక్షరాలుగా, మధ్య చుక్కలు పెట్టి. పోర్టు నంబరు వచ్చేస్తుంది. అది గిగాబిట్ 0/1 అని వస్తే దొంగ ఈ స్విచ్ మీద లేడు, అవతల స్విచ్‌కి వెళ్లి మళ్లీ అదే అడుగు.

కరెంటు పోయి వచ్చే చోట ఇంకో జాగ్రత్త. చాలామంది స్నూపింగ్‌తో పాటు లిమిట్ రేట్ 10 అని అన్ని పోర్టులకీ అతికిస్తారు. ఒక కంప్యూటర్ ఉన్న పోర్టుకి అది సరే. వైఫై యాక్సెస్ పాయింట్ ఉన్న పోర్టుకి పెట్టకు. కరెంటు రాగానే దాని వెనకున్న ఫోన్లన్నీ ఒకేసారి ఐపీ అడుగుతాయి, లిమిట్ దాటుతుంది, పోర్టు ఎర్రర్-డిసేబుల్ అయి పడుకుంటుంది. నువ్వు వెళ్లి షట్, నో షట్ కొట్టేదాకా లేవదు. సిస్కో పత్రాలు అన్‌ట్రస్టెడ్ పోర్టుకి సెకనుకి 100 ప్యాకెట్లు మించొద్దు అంటాయి. యాక్సెస్ పాయింట్ పోర్టుకి నేను ఆ 100 దగ్గరే పెడతాను, పైన ఎర్ర్‌డిసేబుల్ రికవరీ కాజ్ డీహెచ్‌సీపీ-రేట్-లిమిట్ కూడా వేస్తాను. అప్పుడు కాసేపటికి దానంతటదే లేస్తుంది.

గుణుపురం భయానికి: మార్పు మొదలుపెట్టే ముందు ఉన్న మంచి కాన్ఫిగ్‌ని రైట్ మెమరీతో దాచు. తర్వాత రీలోడ్ ఇన్ 10 అని కొట్టు. ఇప్పుడు మార్పులు వెయ్యి. లింకు తెగిందా, చేతులు కట్టుకుని కూర్చో. పది నిమిషాలకి స్విచ్ తనే రీస్టార్ట్ అయి పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. అంతా బాగుంటే రీలోడ్ క్యాన్సిల్ కొట్టి అప్పుడు రైట్ మెమరీ చెయ్యి. రీలోడ్ కొట్టినప్పుడు కాన్ఫిగ్ సేవ్ చెయ్యాలా అని అడిగితే ఏం సేవ్ అవుతుందో చూసుకుని చెప్పు, మార్పులు వేశాక అడిగితే మాత్రం నో. క్యాన్సిల్ మర్చిపోతే క్లాసు మధ్యలో స్విచ్ పడుకుంటుంది, అంతకు మించి నష్టం లేదు.

జవాబు: పర్లాకిమిడి కేబుల్

అన్నయ్యా, అక్కా, అందరూ కొత్త సర్వీసులు పెట్టడమే చెబుతున్నారు. సెకండ్‌హ్యాండ్ 2960 అంటే ముందు ఉన్నవి కట్టెయ్యాలి కదా.

నో వీస్టాక్
నో ఐపీ హెచ్‌టీటీపీ సర్వర్
నో ఐపీ హెచ్‌టీటీపీ సెక్యూర్-సర్వర్
లైన్ వీటీవై 0 15
ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌పుట్ ఎస్‌ఎస్‌హెచ్

వీస్టాక్ అంటే స్మార్ట్ ఇన్‌స్టాల్ (కొత్త స్విచ్‌ని దూరం నుంచే సెటప్ చేసే సదుపాయం), టీసీపీ 4786 మీద వింటూ ఉంటుంది, మనం పెట్టకపోయినా ఆన్‌లోనే ఉంటుంది. 2018 ఏప్రిల్‌లో ఇరాన్, రష్యాల్లో సిస్కో స్విచ్‌ల కాన్ఫిగ్ తుడిచేసి అమెరికా జెండా బొమ్మ వదిలింది ఈ దారినే. షో వీస్టాక్ కాన్ఫిగ్ కొట్టి చూడండి. కొన్ని పాత ఐఓఎస్‌లలో (స్విచ్‌లో నడిచే సిస్కో సాఫ్ట్‌వేర్) నో వీస్టాక్ పని చెయ్యదు, అప్పుడు ఏసీఎల్‌తో 4786ని ఆపాలి. వెబ్ పేజీ మీద కూడా మోజు వద్దు, 2023 అక్టోబరులో ఐఓఎస్ ఎక్స్‌ఈ వెబ్ పేజీలో బయటపడ్డ లోపంతో పాస్‌వర్డే లేకుండా లోపలికి వచ్చి కొత్త అడ్మిన్ ఖాతాలు చేసుకున్నారు. మీ 2960లో నడిచేది ఆ ఐఓఎస్ ఎక్స్‌ఈ కాదు, అయినా వాడని తలుపు తెరిచి ఉంచడం దేనికి?

ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి స్విచ్‌లోకి భద్రంగా వెళ్లే దారి) పెట్టాలంటే ముందు హోస్ట్‌నేమ్, ఐపీ డొమైన్-నేమ్ పెట్టి, క్రిప్టో కీ జెనరేట్ ఆర్‌ఎస్‌ఏ మాడ్యులస్ 2048 కొట్టాలి. యూజర్‌కి పాస్‌వర్డ్ కాదు, సీక్రెట్ పెట్టండి. సర్వీస్ పాస్‌వర్డ్-ఎన్‌క్రిప్షన్ పెట్టాం కదా అని ధైర్యం వద్దు, ఆ టైప్ 7 గిలుకుడుని విప్పి చూపించే సైట్లు బోలెడు.

జవాబు: బరంపురం పాతకాపు

పర్లాకిమిడి బాబు చెప్పింది నిజం. ఒక్క మాట మాత్రం కలుపుతాను. గుణుపురం స్విచ్ మీద ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌పుట్ ఎస్‌ఎస్‌హెచ్ లైను కొట్టే ముందు, ఇంకో కిటికీలో ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లి చూసుకో. వెళ్లగలిగాకే టెల్నెట్ (భద్రత లేని పాత దారి) కట్టెయ్యి. తాళం వేసే ముందు తాళంచెవి జేబులో ఉందో లేదో నీకు నేను చెప్పక్కర్లేదు.

జవాబు: రాయగడ ల్యాబ్

జయపురం అక్కా, మీరు చెప్పినట్టే మ్యాక్ పట్టుకుని వెతికితే ఫాస్ట్‌ఈథర్నెట్ 0/14 అని వచ్చింది. రెండో అంతస్తు. గదికి వెళితే రౌటర్ మంచం కింద, పైన తువ్వాలు కప్పి ఉంది. గోడ కేబుల్‌ని వ్యాన్ పోర్టులో (ఇంటర్నెట్ వచ్చే వైపు) పెట్టకుండా ల్యాన్ పోర్టులో (లోపలి వైపు) పెట్టాడు, అందుకే మన నెట్‌వర్క్‌లోకి ఐపీలు పంచుతోంది. వార్డెన్ గారు తీసుకుపోతానంటే వద్దని, దాంట్లో డీహెచ్‌సీపీ ఆపించి వైఫై వరకు వాడుకోమన్నాను. కుర్రాడు ఎలక్ట్రికల్, కొరాపుట్ వైపు వాడు, ఇప్పుడు నా దగ్గరికి రోజూ వచ్చి స్విచ్ చూపించమంటున్నాడు.

స్నూపింగ్ పెట్టాను, ఆ నో లైనుతో సహా. ఐపీలు వస్తున్నాయి, బైండింగ్ టేబుల్ నిండుతోంది. సిస్‌లాగ్ డెస్క్‌టాప్‌లో తేదీ, సంవత్సరం, ఐఎస్‌టీ అన్నీ పడుతున్నాయి.

రెండు సందేహాలు మిగిలాయి. అదే అంతస్తులో ఒక ఎనిమిది పోర్టుల మామూలు స్విచ్ ఉంది, దాని కింద నాలుగు గదులు. అక్కడ ఎవరైనా ఇలాగే పెడితే స్నూపింగ్ పట్టుకుంటుందా? ఇంకోటి, కరెంటు పోతే ఈ బైండింగ్ టేబుల్ కూడా పోతుందా?

జవాబు: జయపురం ఈథర్నెట్

ఆ ఎనిమిది పోర్టుల డబ్బా కింద ఉన్నవాళ్లని స్నూపింగ్ కాపాడలేదు. దొంగ ఆఫర్ పక్క గదికి ఆ డబ్బా లోపలే చేరిపోతుంది, 2960 దాకా రాదు. 2960 చూడనిదాన్ని ఎలా ఆపుతుంది? నష్టం ఆ నాలుగు గదులకే పరిమితమవుతుంది, మిగతా హాస్టల్‌కి పాకదు, అంతే లాభం. 2960లో ఖాళీ పోర్టులుంటే ఆ నాలుగు గదులకీ విడివిడిగా కేబుల్ లాగించు, డబ్బా తీసెయ్.

బైండింగ్ టేబుల్ మెమరీలోనే ఉంటుంది, పోతుంది. ఉత్త స్నూపింగ్‌కి దానివల్ల పెద్ద ఇబ్బంది లేదు. రేపు డైనమిక్ ఏఆర్‌పీ ఇన్‌స్పెక్షన్ గానీ ఐపీ సోర్స్ గార్డ్ గానీ పెట్టావంటే మాత్రం ఇబ్బందే. అవి ఈ టేబుల్ చూసే ఎవరిని వదలాలో తేలుస్తాయి. కరెంటు వచ్చాక టేబుల్ ఖాళీ, ఫోన్ల దగ్గర పాత లీజు (ఐపీ వాడుకునే గడువు) ఇంకా ఉంది, మళ్లీ అడగవు, స్విచ్ వాటిని లోపలికి రానివ్వదు. అప్పుడు ఐపీ డీహెచ్‌సీపీ స్నూపింగ్ డేటాబేస్ అని ఇచ్చి ఫైలు ఎక్కడ దాచాలో చెప్పాలి. ఫ్లాష్‌లో చోటు తక్కువ, నీ సిస్‌లాగ్ డెస్క్‌టాప్‌లోనే టీఎఫ్‌టీపీ (ఫైళ్లు అందుకునే చిన్న సర్వీసు) నడిపి అక్కడికి పంపు.

పాతకాపు గారి వరస ఎందుకు సరైనదో ఇక్కడ తెలుస్తుంది. ఎన్‌టీపీ పెట్టి ఉన్న స్విచ్, గడియారం కలిసేదాకా ఆ ఫైలులో ఏమీ రాయదు. లీజు ఎప్పటిదాకా ఉందో తేదీ తెలియకుండా రాస్తే అది తప్పుడు లెక్క అవుతుంది కాబట్టి.

జవాబు: పర్లాకిమిడి కేబుల్

ఒకటి మర్చిపోయాం. రాయగడ అన్నయ్య రౌటర్ ఇప్పుడు ఎన్‌టీపీ సర్వర్ కూడా. బయటి ఇంటర్నెట్ వైపు నుంచి ఎవరు అడిగినా టైము చెబుతుంది. దాన్ని ఆపాలి. వ్యాన్ ఇంటర్‌ఫేస్ మీద ఎన్‌టీపీ డిసేబుల్ పెడితే సమయ్1 నుంచి వచ్చే జవాబులు కూడా ఆగిపోతాయి, అది వద్దు. ఇలా చెయ్యండి:

యాక్సెస్-లిస్ట్ 11 పర్మిట్ 10.10.0.0 0.0.255.255
ఎన్‌టీపీ యాక్సెస్-గ్రూప్ పీర్ 10
ఎన్‌టీపీ యాక్సెస్-గ్రూప్ సర్వ్-ఓన్లీ 11

లిస్ట్ 10లో షో ఎన్‌టీపీ అసోసియేషన్స్‌లో కనిపించే బయటి సర్వర్ల అడ్రెస్‌లు పర్మిట్ చెయ్యండి. లిస్ట్‌లు ముందు రాసి, యాక్సెస్-గ్రూప్ లైన్లు చివర కొట్టండి.

జవాబు: బరంపురం పాతకాపు

లిస్ట్ 10లో ఇంకొకటి కూడా ఉండాలి బాబూ. ఎన్‌టీపీ మాస్టర్ పెట్టాం కదా, రౌటర్ తన సొంత గడియారాన్ని కూడా 127.127.1.1 అనే అడ్రెస్‌తో ఒక పీర్‌గానే (టైము తీసుకునే తోటి సర్వర్‌గా) చూస్తుంది. దాన్ని పర్మిట్ చెయ్యకపోతే నెట్ తెగిన రోజున మాస్టర్ 8 పని చెయ్యదు, స్విచ్‌లకి టైము ఇచ్చేవాడు ఉండడు. పాత ఐఓఎస్‌లలో అది 127.127.7.1గా ఉండేది. రౌటర్ మీద షో ఎన్‌టీపీ అసోసియేషన్స్ కొడితే రెండింట్లో నీకు ఏది ఉందో ఆ పట్టికలోనే కనిపిస్తుంది, దాన్ని లిస్ట్ 10లో కలిపి రైట్ మెమరీ కొట్టు.